సాంచెల కింద ఆటజాగా

నా దగ్గరే ఉండే మా చెల్లె బిడ్డ, భివండీ పక్క కాశేలిలో ఒక గోదాములో పార్శిళ్లకు చీటీలు అంటించే పని చేస్తుంది. పని నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని, ఫోన్లో బాస్కెట్‌బాల్ చూడటం ఈమధ్య దానికి పట్టిన పిచ్చి. గోదాములో తోటి పిల్లలు అలవాటు చేశారట. అమెరికా ఆటలు చాలక ఇప్పుడు ఫ్రాన్సు ఆటలు కూడా వెతుక్కుని చూస్తుంది.

మొన్నొక ఆదివారం నేను పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతున్నాను. ఫోన్లో ఆట గురించి చెప్పేవాడు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతూ ఒక క్లబ్బు పేరు పలికాడు. నా చేయి గిన్నెలోనే ఆగిపోయింది.

"గట్ల కాదు," అన్నాను. "ఆఖరి అక్షరం మింగాలె. పలకొద్దు."

పిల్ల తలెత్తి నన్ను వింతగా చూసింది. "పెద్దమ్మా, ఈ క్లబ్ నీకెట్ల మాలూమ్?"

ఆ ఊరు నేను చూడలేదు, ఇక చూడను. కానీ ఆ క్లబ్బు ఆటలో మొదటి వరుస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. గెలిచిన మర్నాడు ఆ ఊరి రొట్టెల దుకాణం వాడు ఏం చేస్తాడో తెలుసు. నా పన్నెండేళ్ల వయసులో మా నార్పోలి వీధిలో ఎవరికీ తెలియని సంగతులు అవి, కలిసి ఆడుకునే మా ఆడపిల్లలకు తప్ప. ఇన్నేళ్ల తర్వాత ఆ పేరు చెవిన పడితే సంతోషం కలగాలి. నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, చింతపండు పిప్పి పారేయడానికి లేచి మోరీ దగ్గర చాలాసేపు అట్లాగే నిలబడిపోయాను.

ఊళ్లో మాకు గుంట భూమి లేదు. అందుకే బాపు నన్ను చంకనేసుకుని, మేం అవ్వ అని పిలిచే మా అమ్మను వెంటబెట్టుకుని, బొంబాయి పక్కనున్న భివండీ వచ్చాడు. నార్పోలిలో రెండు వరుసల ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్లు, మధ్యలో మోరీ, ఆ పక్కన కార్ఖానా. బాపు, పెద్దబాపు ఇద్దరూ ఆ కార్ఖానాలోనే సాంచెలు నడిపేవారు. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు. ఆ చప్పుడు వారంలో ఒక్క శుక్రవారమే ఆగేది. ఆ రోజు ఛుట్టీ. చప్పుడు ఆగగానే ఉయ్యాలలోని పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు.

నా చిన్నతనం వాసన ఏదంటే గంజి, మిషన్ నూనె, కాల్చిన ఎండు బొంబిల్ చేపలు. అవ్వ సర్వపిండి వేస్తే అడుగు మాడిన ముక్క కోసం నేను, మా చెల్లె కొట్టుకునేవాళ్లం. బాపు పాళీ దిగి, అంటే షిఫ్టు అయిపోయి, వచ్చేసరికి తల మీద, కనుబొమల మీద నూలు దుమ్ము పేరుకుని ముసలివాడిలా ఉండేవాడు. స్నానం చేస్తే మళ్లీ నా బాపు అయ్యేవాడు. మాట తక్కువ, సైగ ఎక్కువ. సాంచెల మధ్య మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేది. అన్నం దగ్గర బాపు రెండు వేళ్లు నలిపితే ఉప్పు కావాలని. అరచేయి బోర్లిస్తే చాలని. చేయి పైకెత్తి చూపుడు వేలు టక్కున వంచితే పోగు తెగింది, సాంచె ఆపు అని. ఈ చివరిది మేం పిల్లలం ఊరికే వాడేవాళ్లం, అవ్వ తిట్టడం మొదలుపెట్టినప్పుడు.

మా వరుస చివరి గదిలో ఫ్రాన్సు నుంచి వచ్చిన సిస్టరమ్మ దవాఖాన నడిపేది. అప్పటికే ముసలామె. మందపు కళ్లద్దాలు, తెల్ల చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. తెలుగు మా అవ్వల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మాలాగే మాట్లాడేది. నెలకోసారి పూజ చేయడానికి వచ్చే ఫాదర్‌ది కోస్తా. ఆమె తెలుగు విని ఆయన నవ్వాపుకోలేకపోయేవాడు. ఆమె మాత్రం ఆయన తెలుగే అర్థం కాదనేది.

ఆమె తండ్రిది కూడా మిల్లు పని. నది ఒడ్డున ఊరు, ఊరంతా నేత మిల్లులు. తల్లి నూలు కండెలు చుట్టేదట. ఈ మాట మా అవ్వలు నమ్మలేదు. తెల్లోళ్లు కండెలు చుట్టుడేందని నవ్వారు. ఆమె నేరుగా కార్ఖానాలోకి పోయి, తిరుగుతున్న మిషన్ ముందు నిలబడి, తెగిన పోగును రెండు వేళ్లతో ముడివేసి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ ఊరి క్లబ్బు కథ ఆమె మాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది, గాయాలకు పట్టీలు కడుతూ, మందు గోలీలు లెక్కపెడుతూ. మిల్లు పక్క చర్చి ఫాదర్ చలికాలంలో పనివాళ్ల పిల్లలు సారా దుకాణాల చుట్టూ తిరగకుండా పాటల జట్టు పెట్టాడట. పాటలకు ఎవరూ రాలేదు. యుద్ధానికి వచ్చిన పరదేశపు సిపాయిలు పోతూ పోతూ ఒక బంతి వదిలేసి పోయారు. ఫాదర్ నూలు గంప అడుగు కోయించి, అద్దకం షెడ్డు గోడకు మేకులతో కొట్టించాడు. క్లబ్బు పుట్టింది అట్లా. పాళీ దిగినవాళ్లు చేతులకు రంగు కడుక్కోకుండానే వచ్చి ఆడేవారు. బంతి నీలంగా మారిపోయేది. మొదట పక్క ఊరి మిల్లుతో పోటీలు, తర్వాత పట్నాలతో. సిస్టరమ్మ కూడా మోకాళ్లు దాటిన గౌను వేసుకుని అమ్మాయిల జట్టులో ఆడింది. ఆమె మన దేశం వచ్చేనాటికి అది జీతాలిచ్చి ఆడించే పెద్ద క్లబ్బు అయిపోయింది. దూరదేశాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకునేవారు.

అయినా కొన్ని పద్ధతులు మారలేదట. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్లంతా మొదటి వరుస దగ్గరికి పోయి చేతులు కలపాలి. అక్కడ కూర్చునేది మిల్లులో కండెలు చుట్టిన ముసలమ్మలు. ఎంత పెద్దమనిషి వచ్చినా ఆ కుర్చీలు ఇవ్వరు. గెలిచిన మర్నాడు రొట్టెల దుకాణం వాడు ఆటగాళ్ల తల్లులకు ఊరికే రొట్టె ఇస్తాడు. ఓడిన మర్నాడు అమ్ముతాడు గాని పలకరించడు.

మొదటి వరుస సంగతి మా అక్క మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. అక్క అంటే పెద్దబాపు బిడ్డ. అప్పటికి పదహారేళ్లు. మా ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలో కూడా అంత పొడుగు ఎవరూ లేరు. ఖోలీలోకి వస్తే వంగి రావాలి. ఐదో తరగతిలో బడి మానిపించి కండెల మిషన్ ముందు నిలబెట్టారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా దారాలు ముడేయడమే. పెళ్లి సంబంధాల వాళ్లు వచ్చి ఆమె లేచి నిలబడగానే చాయ సగం తాగి పోయేవారు. "గీ ఎత్తు ఎవని పాలు చేస్తవే," అని కన్నతల్లి, మా పెద్దమ్మే, ఆమె ముఖం మీదే అనేది. అక్క వంగి నడవడం మొదలుపెట్టింది.

కార్ఖానా వెనక దాని యజమాని సేఠ్‌ది ఒక ఖాళీ జాగా ఉండేది. విరిగిన ఇనుము, కుళ్లిన నూలు, పందులు. సిస్టరమ్మ పోయి పిల్లల ఆటకు అడిగింది. సేఠ్ ఆమె దగ్గరే సూదులు వేయించుకునేవాడు, కాదనలేకపోయాడు. ఒక శుక్రవారం మా బాపులంతా పారలు పట్టుకుని దిగారు. చెత్త ఎత్తారు, నేల చదును చేశారు, సిమెంటు కలిపి పోశారు. సాంచెలు మరమ్మతు చేసే జాబర్ ఇనుప సలాకను వంచి రింగు తయారుచేశాడు. వేస్టు నూలుతో వల మేం అల్లాం. స్తంభానికి గుంత తవ్వింది మా బాపు. నడుము లోతు గుంతలో నిలబడి, చెమటతో, నన్ను చూసి నవ్విన ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది. అది గుర్తు లేకపోతే ఆయన మీద కోపం నాకు ఇంకా సులువుగా ఉండేది.

సాయంత్రం ఐదు దాటితే ఆ జాగా మాది. ఆరేడుగురు ఆడపిల్లలం. గోడకు అవతలే సాంచెలు కాబట్టి బంతి నేలకు తగిలిన చప్పుడు మాకెప్పుడూ వినపడలేదు. సిస్టరమ్మ ఈల ఊదినా వినపడేది కాదు. అందుకని కార్ఖానా సైగలే ఆటలోకి తెచ్చుకున్నాం. ఉప్పు సైగ చేస్తే బంతి నాకివ్వు. అరచేయి బోర్లిస్తే ఆగు. వేలు వంచితే ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోవాలి. మేం మాట్లాడుకోకుండా అంత వేగంగా ఆడుతుంటే సిస్టరమ్మ నోరు తెరుచుకుని చూసేది. అక్క అక్కడ మాత్రం వంగేది కాదు. బంతి చేతికి రాగానే వెన్ను నిటారుగా అయ్యేది. రింగు దగ్గర ఆమె చేయి చాపితే మాకెవ్వరికీ ఆ బంతి మీద ఆశ ఉండేది కాదు.

ఆ క్లబ్బు ఆటల ఫలితాలు సిస్టరమ్మకు వాళ్ల ఊరి పేపర్లో వచ్చేవి. ఎవరో చుట్టచుట్టి పోస్టులో వేసేవారు. మాకు చేరేసరికి ఆరు వారాలు గడిచేవి. అయినా మాకు ఆ ఆట ఆ రోజే జరిగినట్టు. పెద్ద పోటీ ఉందని ముందు పేపర్లో చదివితే, మేం జపమాల పట్టుకుని గెలిపించమని ప్రార్థించేవాళ్లం. అప్పటికి ఆ ఆట అయిపోయి నెల దాటి ఉండేది. ఓడినవాళ్లు ఓడి, గెలిచినవాళ్లు గెలిచి, అందరూ మర్చిపోయి ఉండేవారు. ఆటగాళ్ల పేర్లు నోరు తిరగక మా పేర్లు పెట్టుకున్నాం. ఒకడు ఎర్రజుట్టోడు, ఒకడు గూని సార్, ఒకడు నిచ్చెన. ఒకసారి పేపరు వచ్చిన రోజు సిస్టరమ్మ ఊళ్లో లేదు. ఆగలేక నేను, ఇంకో పిల్ల కిటికీలోంచి చేయి పెట్టి దొంగిలించాం. ఫ్రెంచి ముక్క రాదు కాబట్టి ఫోటోలో ఎర్రజుట్టోడు నోరు తెరిచి ఉండటం చూసి గెలిచారని తేల్చి వీధంతా చాటాం. జాబర్ అందరికీ శనగలు పంచాడు. మర్నాడు సిస్టరమ్మ చదివి, ఓడిపోయారని, నోరు తెరిచింది నొప్పితో అని చెప్పింది. శనగలు అప్పటికే తినేశాం.

ఒకసారి ఆ క్లబ్బు నుంచి పెట్టె వచ్చింది. పాత జెర్సీలు. ఇటుక రంగు మీద తెల్ల గీత. మగవాళ్ల కొలతలు, ఒక్కోదాంట్లో మాలో ఇద్దరేసి పట్టేవాళ్లం. అవ్వలు వాటిని చిన్నవి చేసి కుట్టారు, మిగిలిన బట్టతో సంచులు కుట్టుకున్నారు. అక్కది మాత్రం కత్తిరించలేదు. ఆమెకు సరిపోయింది. దాంతో పాటు వచ్చిన ఉత్తరంలో, మీరూ మా క్లబ్బువాళ్లే అని రాసి ఉందని సిస్టరమ్మ చదివింది. మేం నమ్మాం.

ఆ జెర్సీలతోనే ఠాణేలో ఒక బడి పిల్లలతో ఆడటానికి పోయాం. ఎర్రబస్సులో, మోకాళ్ల దాకా దిగిన నిక్కర్లతో. అక్కడ పెద్ద చెట్ల కింద కోర్టు, నిశ్శబ్దం. ఆట మొదలుకాగానే మాకు కాళ్లాడలేదు. బంతి చప్పుడు విని మేమే బెదిరాం. మా ఊపిరి మాకు వినపడుతోంది. చుట్టూ ఉన్న పిల్లలు మా నల్లటి కాళ్లను, అక్క పొడుగును చూసి మరాఠీలో అంటున్న మాటలన్నీ వినపడుతున్నాయి. సగం ఆట దాకా చిత్తుగా ఓడుతున్నాం. అప్పుడు అక్క సిస్టరమ్మ సంచిలోని దవాఖాన దూది అడిగి తీసుకుంది. చెవుల్లో పెట్టుకుంది. మా అందరి చెవుల్లోనూ పెట్టింది. ఆ తర్వాత మాకు తెలిసిన ఆట వచ్చింది. మా సైగలు వాళ్లకు అర్థం కాలేదు. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. వాళ్ల ఆట టీచర్ వచ్చి అక్క చేతులు తిప్పి తిప్పి చూసింది. వేళ్ల మీద దారం కోసిన గీతలు ఏంటని అడిగింది.

ఆ టీచర్, సిస్టరమ్మ కలిసి అక్కడికక్కడే ఫోన్ చేసి పుణెలో ఒక హాస్టల్ మాట్లాడారు. చదువు ఉంటుంది, ఆట నేర్పేవాళ్లుంటారు. ఒక్క సీటు. అది అక్కకు. తిరుగు బస్సులో సిస్టరమ్మ ఈ సంగతి చెబితే అక్క కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చుంది. చెవుల్లో దూది తీయలేదు.

రెండు వారాలకు, ఆదివారం ప్రార్థన అయ్యాక, సంఘం పెద్దలు అందర్నీ కూర్చోమన్నారు. మా ప్రార్థన జరిగేది రేకుల షెడ్డులో. గోడలు లేవు, చుట్టూ గోనెపట్టాలు. మగవాళ్లు చాపల మీద, మేం వెనక. సంఘం పెద్ద లేచాడు. ఆయన కూడా సాంచెలు నడిపేవాడే. ఆడపిల్లలు మోకాళ్లు కనపడేటట్టు రోడ్డు మీద తిరుగుతున్నారని, పరాయి ఊళ్లకు పోతున్నారని, నలుగురూ నవ్వుతున్నారని చెప్పాడు. ఇప్పుడు పుణె అంటున్నారు, రేపు వీళ్లను ఎవడు చేసుకుంటాడని అడిగాడు. ఆటలు బంద్ అన్నాడు. పుణె లేదన్నాడు.

సిస్టరమ్మ లేచింది. కోపంతో ఆమె తెలుగు తడబడింది. "మీరే గదా గుంత తవ్విన్రు," అంది. "మీరే గదా సిమెంటు పోసిన్రు. అప్పుడు గీళ్లు ఆడపిల్లలు కారా?"

ఆమె మా బాపు వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన చొక్కాకు అంటిన పోగు ఒకటి తీసి వేలికి చుట్టుకుంటున్నాడు. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి, తల ఎత్తకుండా అన్నాడు.

"పెద్దలు ఏదంటె గదే."

ఆ వారంలోనే ఒక లారీ ఇటుకలు దిగాయి. ప్రార్థన షెడ్డుకు గోడలు కడుతున్నామన్నారు. పిల్లలం వరుసగా నిలబడి, ఇటుకలు చేతికి చేయి అందించుకుంటూ, పాటలు పాడుతూ మోశాం. నేనూ పాడాను. దేవుడికి ఇల్లు కడుతున్నామని సంబరపడ్డాను. ఆ ఇటుకలు పంపింది సేఠ్ అని, మా ఆటజాగాలో సాంచెలకు కొత్త షెడ్డు వేసుకోవాలని ఆయన సంఘం పెద్దలతో అంతకు ముందే మాట్లాడుకున్నాడని, సిస్టరమ్మ ముఖం చూసి తానే కాదనలేక ఆట మాన్పించే పని వాళ్ల చేత చేయించాడని చాలా ఏళ్ల తర్వాత జాబర్ చెప్పాడు. మోకాళ్లు ఎవరికీ అడ్డం కాలేదు. జాగా కావలసి వచ్చింది. మా పరువు పేరు చెప్పి గోడలు కట్టుకున్నారు. ఆ ఇటుకలు మా చేతనే మోయించారు.

ఆటజాగాలో కొత్త షెడ్డుకు పునాది తవ్వే రోజు పొద్దున్నే అక్క కండెల మిషన్ మీదికి పోలేదు. ఇటుక రంగు జెర్సీ వేసుకుని, బంతి పట్టుకుని రింగు కింద నిలబడింది. ఇద్దరు కూలీలు గడ్డపారలు పట్టుకుని ఏం చేయాలో తెలియక ఆగిపోయారు. కార్ఖానా లోపలికి కబురు పోయింది. సాంచెలు ఆపి మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడ పక్కన గుమిగూడారు. పెద్దబాపు వచ్చాడు. ఇంటికి నడువు అన్నాడు. ఆమె కదల్లేదు.

"సాంచెలు ఏడనన్న వెట్టుకుంటరు బాపూ," అంది. "మాకు గిదొక్కటే ఉన్నది."

ఆయన చెంప మీద కొట్టాడు. బంతి జారి మోరీలోకి దొర్లిపోయింది. అక్క ఏడవలేదు. చెంప పట్టుకోలేదు. గోడ పక్కనున్న మగవాళ్లందరి వైపు తిరిగి, చేయి పైకెత్తి, చూపుడు వేలు వంచింది. పోగు తెగింది, ఆపు. ఆ సైగ చూస్తే వాళ్లలో ఏ ఒక్కడైనా నిద్రలో కూడా ఆపుతాడు. రోజుకు వందసార్లు ఆపుతారు, గుడ్డ పాడవుతుందని. ఆ రోజు ఒక్కడూ ముందుకు రాలేదు. బాపు నన్ను రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగాడు. లోపలికి పోయాక మొదటి గడ్డపార దెబ్బ వినపడింది.

సిస్టరమ్మ ఆరోగ్యం బాగాలేదని ఆ ఏడే ఆమె మఠం పెద్దలు ఫ్రాన్సుకు వెనక్కి పిలిచారు. పోయే ముందు ఆమె మా ఖోలీకి వచ్చింది. పుణె సీటు ఇంకా ఖాళీగానే ఉంది, అక్కను పంపరు కాబట్టి నన్ను పంపమని అడిగింది. ఆట వద్దు, చదువు మాత్రమే అంది. బాపు పెద్దల్ని అడుగుతా అనలేదు. అప్పటికప్పుడే సరే అన్నాడు. నేను పొట్టిదాన్ని. నా వల్ల ఎవరి జాగాకూ అడ్డం లేదు. నేను పోతున్న రోజు అక్క తన దగ్గరున్న మంచి దుప్పటి నా పెట్టెలో పెట్టింది. నేను వద్దనలేదు. పదో తరగతి దాకా చదివి, భివండీకే తిరిగొచ్చి, టెంఘర్‌లో బాల్వాడీ టీచర్నయ్యాను. నా జీవితమంతా ఆ సీటు మీదే నడిచింది.

సిస్టరమ్మ దగ్గర్నుంచి ఒకే ఒక ఉత్తరం వచ్చింది. నేను సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు దాన్ని ఆ కొత్త గోడల మధ్య ఫాదర్ చదివి వినిపించాడు. వాళ్ల ఊళ్లో మిల్లులన్నీ మూతపడ్డాయట. చివరి మిల్లును అమ్మేయబోతే ఊరంతా అడ్డం నిలబడి, ఆ షెడ్డును క్లబ్బుకు ఆటల హాలుగా ఇప్పించుకున్నారట. మగ్గాలు తీసేసిన నేల మీద ఇప్పుడు పిల్లలు ఆడుతున్నారని, మీ ఆటజాగా ఎట్లా ఉందని ఆమె అడిగింది. సంఘం పెద్ద ఆమెన్ అన్నాడు. అందరూ అన్నారు. నేను లేచి బయటికొచ్చేశాను. అక్కడ మగ్గాలు తీసి ఆటకిచ్చారు. ఇక్కడ ఆట పీకి మగ్గాలు పెట్టారు. వాళ్లూ పనివాళ్లే, మావాళ్లూ పనివాళ్లే. మరి వాళ్లు అడ్డం నిలబడినట్టు మావాళ్లు ఎందుకు నిలబడలేదో నాకు ఎవరూ చెప్పలేదు.

బాపు మంచాన పడ్డప్పుడు ఒకసారి అడిగాను. "ఖోలీ సేఠ్‌ది బిడ్డా," అన్నాడు. అంతే. ఆయన మీద జాలి పడాలని నాకు తెలుసు. పడ్డాను కూడా. కోపం మాత్రం పోలేదు. ఆయనతో పాటు మట్టిలో కలిసిపోతుందనుకున్నాను. కలవలేదు.

ఇదంతా విన్నాక మా చెల్లె బిడ్డ ఫోన్లో ఆ క్లబ్బు చరిత్ర వెతికి తీసింది. ఫోనే దాన్ని తర్జుమా చేసి చూపించింది. పాత మిల్లు హాలు ఫోటో ఉంది. మొదటి వరుస కుర్చీల మీద కండెలు చుట్టిన ఆడవాళ్ల పేర్లు కుట్టించారట, ఇప్పుడు వాళ్ల మనవరాళ్లు కూర్చుంటారట. మంచిదే. నేను ఆ పేజీని కింది దాకా జరిపించాను. మీరూ మా క్లబ్బువాళ్లే అని రాసినవాళ్లు మా గురించి ఒక్క ముక్క రాశారేమోనని. లేదు. పిల్ల మళ్లీ మళ్లీ వెతికింది. ఫోన్ పక్కన పెట్టేయమన్నాను.

మర్నాడు అది పట్టుబట్టి నన్ను అక్క దగ్గరికి తీసుకుపోయింది. అక్క ఇప్పుడు టెంఘర్‌లోనే, నాలుగు గల్లీల అవతల ఉంటుంది. పెళ్లి ఆలస్యంగా అయింది, ఇద్దరు పిల్లలు. ఆ కొత్త షెడ్డులో, మా కోర్టు మీద వేసిన షెడ్డులోనే, మోకాళ్లు అరిగిపోయేదాకా కండెలు చుట్టి ఈమధ్యే మానేసింది. మేం పోయేసరికి జొన్నరొట్టెలు చేస్తోంది. పిల్ల పక్కన కూర్చుని ఠాణే ఆట గురించి, దూది గురించి, జెర్సీ గురించి ఒకటే అడగడం మొదలుపెట్టింది. అక్క రొట్టె తడుతూనే, నాకేం యాదికి లేదు బిడ్డా అంది.

నాకు మండిపోయింది. ఆ చెంపదెబ్బ నాకు గుర్తుంది, నీకెట్లా గుర్తుండదని గొంతు పెంచాను. మర్చిపోయినట్టు ఎవరి కోసం నటిస్తున్నావని అడిగాను. ఇన్నేళ్లలో ఆమెతో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి.

అక్క పెనం మీది రొట్టె తిప్పింది. నన్ను కోప్పడలేదు.

"ముప్పై ఏండ్లు గా జాగల్నే నిలవడి పని చేసిన," అంది. "రోజు యాద్ చేసుకుంటె చేతులాడుతయా చెల్లే?"

ఇంకో రొట్టె చేసింది. పిల్లకు బెల్లం పెట్టి ఇచ్చింది. నాకూ ఇచ్చింది. నేను తిన్నాను. ఆ రోజు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ మగవాళ్లను, ఆ సేఠ్‌ను, మా బాపును, ఆ క్లబ్బును ఇంతకాలం తిట్టుకుంటూ వచ్చాను. ఇకముందూ తిట్టుకుంటాను, వాళ్లకు అది తగినదే. కానీ ఇన్నేళ్లు కోపాన్ని దాచుకుని, పెంచుకుని, ఇట్లా కూర్చుని రాసుకునే తీరిక నాకెట్లా దొరికిందో ఇప్పుడు తెలుసు. ఆమెకు రావలసిన సీట్లో నేను కూర్చున్నాను. నా బదులు ఆమె నిలబడింది.